కణ సంకేతాల పరిశోధనలో కొలువు: ముందు కొలత, తర్వాతే కథ

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీయో ఎం.ఫార్మసీయో పూర్తిచేసి, శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో ఏదో కాంట్రాక్ట్ రిసెర్చ్ కంపెనీలో రెండు మూడేళ్లు పనిచేశాక చాలామందికి ఒక ఊగిసలాట మొదలవుతుంది. ఇలాగే ఉండిపోదామా, పీహెచ్‌డీకి పోదామా? వాళ్లలో సెల్ సిగ్నలింగ్ మీద మనసు పడ్డవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. హార్మోను వచ్చి కణం పైపొరను తాకితే లోపల ఏమేం కదులుతాయి, ఆ కదలికవల్ల గుండె వేగం, కాలేయంలోని చక్కెర, కండరం బిగువు ఎలా మారతాయి అన్నదే ఈ రంగం. వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు దాకా జీపీసీఆర్ అనే ఒక్క గ్రాహకాల కుటుంబం మీదే పనిచేస్తాయి. బీపీకి వేసుకునే మెటోప్రొలాల్, ఆస్తమాకు పీల్చే సాల్బుటమాల్, తుమ్ములకు మింగే సెట్రిజిన్, ఇప్పుడు షుగరుకీ బరువుకీ వాడుతున్న సెమాగ్లూటైడ్ ఈ కుటుంబాన్ని పట్టుకునేవే. కాబట్టి చదువు చదువుగానే మిగిలిపోతుందన్న భయం ఇక్కడ కాస్త తక్కువ.

సలహా కోసం వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఇప్పుడు ఏ టాపిక్‌కి డిమాండ్ ఉంది సార్?" అని. టాపిక్‌కి ఉన్న గిరాకీ మీ థీసిస్ పూర్తయ్యేలోపే తగ్గిపోవచ్చు. అడగాల్సింది వేరే: ఈ ల్యాబులో చేరితే ఏ కొలత నా చేతికి వస్తుంది? ఈ రంగంలో నిలబడ్డవాళ్ల జీవితాలు తిరగేస్తే, వాళ్లలో చాలామంది ముందు ఒక కొలతను గట్టిగా పట్టుకున్నారు. సిద్ధాంతం దాని వెనకాలే వచ్చింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావునే చూడండి. మద్రాసు వైద్య కళాశాలలో చదివి 1922లో బోస్టన్ చేరి, పొట్టగడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పాత్రలు కడుగుతూ, తర్వాత హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర కుదురుకున్నారు. ఆయన చేతికొచ్చిన మొదటి ఆస్తి సిద్ధాంతం కాదు. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతి. 1925లో వచ్చిన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్సులో మీరూ చేసే ఉంటారు. అదే పద్ధతితో కండరం సారాన్ని పరీక్షిస్తుంటే రంగు రావలసినంత తొందరగా రాలేదు, మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే రీఏజెంట్ పాడైందని పారబోసి, కొత్తది కలుపుకుని ఉండేవాళ్లు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకుని వెళ్లారు. ఆమ్లంలో మెల్లగా విడిపోయే ఫాస్ఫేట్ ఏదో కండరంలో ఉంది అని తేల్చారు. 1927లో అది ఫాస్ఫోక్రియాటిన్‌గా బయటపడింది, 1929లో ఏటీపీ. ఏటీపీని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నారు. ఈరోజు సెల్ సిగ్నలింగ్ చేసేవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కైనేజ్, కైనేజ్ అంటుంటారు కదా, ఆ కైనేజులు ప్రోటీనుకు తగిలించే ఫాస్ఫేటు ఆ ఏటీపీ కొసన ఉన్నదే.

దీన్నుంచి ఉద్యోగస్తుడు తీసుకోవలసినది ఒకటుంది. కొలత చేతిలో ఉన్నవాడికే తేడా కనిపిస్తుంది. కిట్టు కొని, లోపల ఏముందో తెలియకుండా, చెప్పిన నిమిషాలు ఆగి, ప్లేట్ రీడర్‌లో పెట్టి అంకె రాసుకునేవాడికి రంగు ఆలస్యంగా వచ్చిన సంగతే తెలియదు. కిట్టు వాడొద్దని అనడం లేదు. కంపెనీలో వందల శాంపిళ్లు నడవాలంటే కిట్టే గతి. కానీ వాడే ప్రతి కిట్టులో ఏ ఎంజైము దేన్ని దేనిగా మారుస్తోందో, ఏ హద్దు దాటితే అంకె అబద్ధం చెబుతుందో కాగితం మీద రాయగలగాలి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో నేను చూసినంతలో, పేపర్లు చదివి వచ్చినవాళ్లకన్నా దీన్ని చెప్పగలిగినవాళ్లే తేలిగ్గా గట్టెక్కుతారు.

నీళ్లు, కాగితం లాంటి అతి మామూలు వస్తువుల దగ్గరే ఈ రంగం రెండుసార్లు మలుపు తిరిగింది. లండన్‌లో సిడ్నీ రింగర్ 1882లో, బయటికి తీసిన కప్ప గుండె ఉప్పునీటి ద్రావణంలో చక్కగా కొట్టుకుంటోందని ప్రచురించారు. తీరా చూస్తే ఆ ద్రావణం కలిపింది స్వేదనజలంతో కాదు, కుళాయి నీళ్లతో. నిజమైన స్వేదనజలంతో చేస్తే గుండె కాసేపటికే నీరసించింది. ఆ సంగతిని ఆయన మరుసటి ఏడు తానే అచ్చులో పెట్టారు. తేడా కుళాయి నీళ్లలోని కాల్షియం. ఇక 1950ల మధ్యలో సియాటిల్‌లో ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ కండరం నుంచి ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమును తీస్తున్నారు. పాత పద్ధతి ప్రకారం సారాన్ని ఫిల్టర్ పేపరులో వడకట్టాలి. వీళ్లు దాని బదులు సెంట్రిఫ్యూజ్ వాడితే ఎంజైము చురుకు లేని రూపంలోనే వచ్చింది. ఫిల్టర్ పేపరు నుంచి దిగే కాల్షియమే అంతకుముందు దాన్ని మేల్కొలుపుతోందని బయటపడింది. ఆ తీగ లాగితే ప్రోటీనుకు ఫాస్ఫేటు తగిలించడం, తీసేయడం అనే స్విచ్చు మొత్తం కదిలింది. 1992లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

కాబట్టి నోట్‌బుక్కులో ప్రయోగం పేరు, ఫలితం రాసి ఊరుకోకండి. యాంటీబాడీ లాట్ నంబరు, సీరం ఏ బ్యాచ్, కణాలు ఎన్నో పాసేజ్, మైకోప్లాస్మా పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు, బఫర్ ఎవరు కలిపారు, నీళ్లు ఏ యంత్రం నుంచి పట్టారు, ఇవన్నీ రాయండి. విసుగొస్తుంది, నిజమే. ఆర్నెల్ల తర్వాత ఫలితం రెండోసారి రాకపోతే, గైడ్ ముందు మీ తరఫున మాట్లాడేది ఈ పిచ్చి వివరాలే. జీఎల్‌పీ ఉన్న కంపెనీ నుంచి వచ్చినవాళ్లకు ఇది ముందే అలవాటై ఉంటుంది. విశ్వవిద్యాలయంలో చేరాక ఆ అలవాటు వదిలేసేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఉసూరుమంటుంది. కంపెనీ ఉద్యోగం వాళ్లకు నేర్పిన మంచి గుణాల్లో అదొకటి.

సిగ్నలింగ్ చేసేవాళ్లకు ఫిజియాలజీ ఎందుకని కొందరు అడుగుతారు. ప్లేటులో పెరిగే కణం ఏం చెప్పినా, అది శరీరంలో నిజమా కాదా అని తీర్పు చెప్పేది ఫిజియాలజీయే. అమెరికాలోని జార్జియాలో రేమండ్ ఆల్క్విస్ట్ 1948లో రాసిన వ్యాసం దీనికి మంచి పాఠం. ఆడ్రినలిన్ తరహా రసాయనాలు కొన్నిటిని తీసుకుని రక్తనాళాలు, గర్భాశయం, గుండె వంటి అవయవాల మీద ఏది ఎంత బలంగా పనిచేస్తుందో వరస కట్టారు. కొన్ని అవయవాల్లో ఒక వరస, మరికొన్నిటిలో ఇంకో వరస వచ్చింది. అందుకని గ్రాహకాలు రెండు రకాలు ఉండాలన్నారు, ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టారు. మొదట పంపిన పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు కూడా. పట్టించుకున్నవాళ్లలో జేమ్స్ బ్లాక్ ఒకరు. ఆ బీటా మీదే పని పెట్టి ప్రొప్రనొలాల్ తెచ్చారు, 1988లో నోబెల్ అందుకున్నారు.

అసలు కథ రాబర్ట్ లెఫ్కోవిట్జ్‌ది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో పెరిగిన డాక్టరు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యానికి బదులు ప్రజారోగ్య సేవ కింద 1968లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు వచ్చారు. పని ఏమిటంటే, ఒక హార్మోనుకు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి, అది అంటుకునే గ్రాహకాన్ని చూపించడం. ఏడాది పైన ఏదీ కుదరలేదు. ఇక పరిశోధన మనకు కాదులే అనుకుని బోస్టన్ ఆసుపత్రిలో రెసిడెన్సీ ఖాయం చేసుకున్నారు. ఖాయం చేసుకున్నాక ప్రయోగం పనిచేయడం మొదలుపెట్టింది! అయినా మాట ప్రకారం ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ కొన్నాళ్లకు ల్యాబు మీద బెంగ పుట్టి మళ్లీ ప్రయోగాలు పట్టుకున్నారు. 1973లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేరి, ఆ తర్వాత అక్కడి నుంచి కదల్లేదు.

ఆ రోజుల్లో గ్రాహకం అనేది నిజంగా ఒక పదార్థమా, లేక మనం లెక్క కోసం పెట్టుకున్న మాటా అని అనుమానించేవాళ్లు చాలామంది. రేడియోధార్మిక గుర్తున్న ఆడ్రినలిన్ తరహా రసాయనాన్ని గుండె కణాల పొరల మీద పోస్తే బోలెడంత అంటుకునేది. కానీ అంటుకున్నదంతా గ్రాహకం కాదు. రసాయనానికి ఎడమ-కుడి రూపాలు రెండున్నా శరీరం ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది, ఆ అంటుకోవడం మాత్రం ఈ తేడాను పట్టించుకునేదే కాదు. 1974లో అల్ప్రెనలాల్ అనే బీటా బ్లాకర్‌కు ట్రిటియం తగిలించి చేశాక లెక్క కుదిరింది. అంటుకునే చోట్లు ఒక హద్దు దగ్గర నిండిపోయాయి, ఎడమ-కుడి తేడా కనిపించింది, రసాయనాల వరస ఆల్క్విస్ట్ అవయవాల్లో చూసిన వరసతో సరిపోయింది. అంటే పాతికేళ్ల కిందటి ఫిజియాలజీ కొత్త కొలతకు సాక్షిగా నిలబడింది. ఆ కొలత సాయంతోనే తర్వాత గ్రాహకాన్ని శుద్ధి చేశారు. 1986లో బ్రయాన్ కొబిల్కాతో కలిసి దాని జన్యువును పట్టారు. చూస్తే అది కంటిలోని రొడాప్సిన్‌ను పోలి ఉంది, పొరను ఏడుసార్లు దాటుతోంది. ఒకటి దొరికిందనుకుంటే ఒక కుటుంబమే దొరికింది. 2012 రసాయన నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

మీకు ఇవాళ పనికొచ్చే ముక్క ఇది. హెచ్ఈకే-293 కణాల్లో గ్రాహకాన్ని బలవంతంగా ఎక్కువగా తయారు చేయించి మందులు పరీక్షించడం ప్రతిచోటా మామూలే. గ్రాహకాలు అవసరానికి మించి ఉన్నప్పుడు బలహీనమైన మందు కూడా బలమైనదానిలా కనిపిస్తుంది. అక్కడ వచ్చిన గ్రాఫు అందంగా ఉందని మురిసిపోయి రెండేళ్లు దాని మీద పెట్టకండి. గ్రాహకం సహజంగా ఉండే కణంలో, వీలైతే అవయవంలో, ఒక్కసారైనా చూడండి. హైదరాబాద్ సీసీఎంబీలో అమితాబ చటోపాధ్యాయ్ బృందం సెరటోనిన్-1ఎ గ్రాహకాన్ని మెదడులోని హిప్పోక్యాంపస్ పొరల్లోనే ఉంచి, చుట్టూ ఉన్న కొలెస్ట్రాల్ తగ్గితే దాని తీరు ఎలా మారుతుందో ఏళ్లతరబడి చూసింది. ఆ గ్రాహకం ఎక్కడ బతుకుతుందో అక్కడే పరీక్షించడమంటే అదే. లెఫ్కోవిట్జ్ దగ్గర పోస్ట్‌డాక్ చేసిన అరుణ్ శుక్లా ఇప్పుడు ఐఐటీ కాన్పూర్‌లో ఈ గ్రాహకాల మీదే ల్యాబు నడుపుతున్నారు. ఈ పని కోసం తప్పనిసరిగా అమెరికా పోనక్కర్లేదని చెప్పడానికే ఈ రెండు పేర్లు.

ఆర్గన్ బాత్‌లో రక్తనాళం ముక్క వేలాడదీసి బిగువు కొలవడం, ప్యాచ్ క్లాంప్, బయటికి తీసిన గుండెను నడిపించడం లాంటి పాత పనులు చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ వాళ్లకూ, పశువైద్యులకూ, ఎండీ ఫిజియాలజీ చేసిన డాక్టర్లకూ ఇందులో సహజంగా ఒక అడుగు ముందుంటుంది. ఎమ్మెస్సీ వాళ్లతో పోల్చుకుని మాకు మాలిక్యులర్ బయాలజీ రాదే అని కుంగిపోవద్దు. క్లోనింగ్ ఆర్నెల్లలో నేర్చుకోవచ్చు, గుండెను ఆగకుండా నడిపించడం ఆర్నెల్లలో రాదు. జంతువుల మీద చేసే ప్రతి పనికీ సంస్థలోని నైతిక కమిటీ అనుమతి ముందే చేతిలో ఉండాలి. చేరే ల్యాబుకు ఆ అనుమతి ఉందో లేదో, ఎప్పటిదాకా ఉందో అడగడం మొహమాటపడే విషయం కాదు.

డబ్బు సంగతి. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్‌కు మారాక 42,000, పైన ఇంటద్దె భత్యం. 2023 జనవరి నుంచి ఉన్న రేటు ఇది. డీబీటీ, ఐసీఎంఆర్ ఫెలోషిప్పులూ ఉన్నాయి. ఏది వచ్చినా డబ్బు నెలనెలా సమయానికి పడుతుందని నమ్ముకోవద్దు. ఆలస్యం మామూలు. కంపెనీ ఉద్యోగం మానేముందు కనీసం ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకోండి. ఇంట్లో అప్పు వాయిదాలుంటే ఇంకాస్త ఉంచుకోండి. "ఐదేళ్లా? అప్పటికి నీ వయసెంత?" అని అమ్మానాన్న అడిగితే కోపం తెచ్చుకోకండి, లెక్క వేసి చూపించండి. ఐదు కాస్తా ఆరవుతుందని కూడా ముందే చెప్పేయండి.

డబ్బు ఇబ్బంది పెద్దవాళ్లకూ తప్పలేదు. కొబిల్కా కొంతకాలం వారాంతాల్లో ఎమర్జెన్సీ వార్డులో డాక్టరుగా పనిచేసి ఇల్లు నడిపారు. స్టాన్‌ఫర్డ్‌లో గ్రాహకం స్ఫటికం కోసం ఏళ్లతరబడి కూర్చున్నారు, ఫలితం లేదు. 2003లో హోవర్డ్ హ్యూస్ సంస్థ నిధులు ఆపేసింది. 2007లో మొదటి ఆకారం దొరికింది. 2011లో, జీ ప్రోటీనును పట్టుకుని ఉన్న స్థితిలో బీటా గ్రాహకం మొత్తం చిత్రం వచ్చింది. ఇలాంటి కథలు విని మనవాళ్లు పట్టుదల ఒక్కటే చాలనుకుంటారు. కొబిల్కాకు వైద్యవృత్తి అనే రెండో జీతం ఉందన్న సంగతి మరిచిపోతారు. మీకు ఎంబీబీఎస్ లేకపోవచ్చు. కానీ డేటా విశ్లేషణో, కంపెనీలకు పనికొచ్చే అస్సే అభివృద్ధో, మెడికల్ రైటింగో, ఏదో ఒక రెండో పని చేతిలో పెట్టుకోండి. సైక్లిక్ ఏఎంపీ అస్సే, కాల్షియం ఫ్లక్స్, రేడియోలిగాండ్ బైండింగ్ తెలిసినవాళ్లను మందుల కంపెనీలు, కాంట్రాక్ట్ ల్యాబులు తీసుకుంటాయి. పీహెచ్‌డీ మధ్యలో ఆగిపోయినా ఆ నేర్పు మీతోనే వస్తుంది.

సైక్లిక్ ఏఎంపీని కనుక్కున్న ఎర్ల్ సదర్లాండ్ గురించి ఒక్కమాట. హార్మోను ప్రభావం చూడాలంటే కణం చెక్కుచెదరకుండా ఉండాలని అందరూ అనుకునే కాలంలో, 1950ల్లో క్లీవ్‌లాండ్‌లో ఆయన కాలేయాన్ని నలిపి ఆ ముద్ద మీదే పనిచేయించారు. పొరల ముక్కలను తీసేస్తే హార్మోను పనిచేయలేదు. పొరల ముక్కలకు హార్మోను కలిపి, అందులో తయారైనదాన్ని మరిగించి మిగతా ద్రవంలో పోస్తే పనిచేసింది. మరిగించినా చెడని ఆ చిన్న అణువే సైక్లిక్ ఏఎంపీ. దానికి 1971లో నోబెల్. నాకు ఆయనలో ఇంకా నచ్చేది వేరే: 1963లో విభాగాధిపతి పదవి వదులుకుని, పరిశోధనకు సమయం దొరుకుతుందని వాండర్‌బిల్ట్‌లో ఫిజియాలజీ ప్రొఫెసరుగా చేరారు. మన దగ్గర విభాగాధిపతి కుర్చీ కోసం ల్యాబును ఎండబెట్టుకునేవాళ్లను చాలామందినే చూస్తాం. ముందు చెప్పుకున్న సుబ్బారావుకైతే హార్వర్డులో శాశ్వత ఉద్యోగమే దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడి ఎనిమిదేళ్లలోనే ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్‌కు దారితీసిన మందులు, బోదకాలుకు మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర ఆయన నాయకత్వంలో వచ్చాయి. విశ్వవిద్యాలయం నుంచి కంపెనీకి వెళ్లడం దిగిపోవడమని ఎవరైనా అంటే ఈ జాబితా చూపించండి.

ఉద్యోగంలో ఉంటూనే పీహెచ్‌డీకి నమోదు చేసుకోవాలనుకునేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోండి. కంపెనీలో చేసిన పని కంపెనీది. అది థీసిస్‌లో పెట్టుకోవచ్చో లేదో నోటిమాటగా కాదు, హెచ్ఆర్ నుంచి ఉత్తరంగా తీసుకోండి. నాలుగేళ్ల పని చేశాక "ఇది మా రహస్యం" అని తేలితే అధ్యాయాలు తీసేసుకోవలసి వస్తుంది.

ఇక ల్యాబు వెతుక్కోవడం. హైదరాబాదులోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం, టీఐఎఫ్ఆర్ ఉన్నాయి, తిరుపతిలో ఐఐఎస్ఈఆర్ ఉంది. పేరున్న సంస్థలో మీకు సరిపడని ల్యాబుకన్నా చిన్న విశ్వవిద్యాలయంలో కొలత నేర్పే ల్యాబు నయం. వెళ్లి చూసినప్పుడు గైడ్‌ను అడగడంతో ఆపకండి, మూడో ఏడాది విద్యార్థిని టీ తాగడానికి బయటికి తీసుకెళ్లండి. ఏ యంత్రం పనిచేస్తోంది, ఏది ఆరు నెలలుగా మూలన పడి ఉంది, కిందటిసారి బయటికి వెళ్లిన ముగ్గురు ఇప్పుడెక్కడున్నారు, ఫలితం గైడ్ ఊహకు అడ్డం వచ్చినప్పుడు ఏం జరిగింది అని అడగండి. చివరి ప్రశ్నకు ఆ విద్యార్థి చుట్టూ చూసి గొంతు తగ్గిస్తే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

గైడ్‌కు రాసే మెయిల్ అర పేజీ దాటొద్దు. "గౌరవనీయులైన సార్, నాకు మీ పరిశోధన అంటే ఎంతో ఆసక్తి" అని మొదలుపెట్టిన మెయిళ్లు వాళ్లకు రోజూ వస్తాయి. ఆ ల్యాబు ఈ రెండేళ్లలో వేసిన ఒక వ్యాసం తీసుకుని, అందులో ఒక చిత్రం మీద ఒక్క ప్రశ్న అడగండి. ఏ కొలత మీ చేతికి బాగా వచ్చో ఒక వాక్యం రాయండి, సొంతంగా ఎన్నాళ్లు చేశారో, ఎక్కడ తడబడతారో కూడా చెప్పండి. ఫెలోషిప్పు ఉంటే దాని గడువు ఎప్పటిదాకానో రాయండి. మీ సీవీ ఒక్క ఫైలుగా, మీ పేరుతోనే జతచేయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే తర్వాతి ల్యాబుకు రాయండి.